టీవీకి తెలుగు ఎప్పుడొచ్చింది?

టీవీ వచ్చి తెలుగును పాడుచేసిందన్న మాట నేను పెళ్ళి పందిట్లో విన్నాను, రైల్లో విన్నాను, పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని జవాబు చెప్పలేని స్థితిలో కూడా విన్నాను. అనేవాళ్ళంతా యాంకరమ్మల ఇంగ్లీషును, సీరియల్ అత్తగార్లను సాక్ష్యానికి పిలుస్తారు. నా పేచీ వేరు. టీవీ మా ఇంటికొచ్చిన చాలా ఏళ్ళ దాకా దానికి మేం మాట్లాడుకునే తెలుగు రానే రాదు. హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, పుస్తకాల తెలుగు వచ్చు. మా వాకిట్లో మాట పట్టుబడడానికి మాత్రం దానికి ముప్ఫై ఏళ్ళు చాలలేదు. రాని భాషను అది ఎట్లా పాడుచేస్తుంది?

మాది భువనగిరి. నాయిన పోస్టాఫీసు కౌంటరులో పనిచేసేవాడు. ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, అప్పట్లో రేడియోకూ టీవీకీ కూడా లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసుకు పోయి, రుసుము కట్టి, లైసెన్సు పుస్తకంలో టికెట్లు అంటించుకుని ముద్ర వేయించుకోవాలి. 1985లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసేదాకా ఊళ్ళో ఎవరింట్లో టీవీ ఉందో నాయినకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎవరు దాచారో కూడా తెలిసేది. డాబా మీద రెండు నిలువుల గొట్టం పాతి, దాని నెత్తిన అల్యూమినియం కడ్డీలు బిగించి, 'మాకు టీవీ ఎక్కడిది సారూ' అంటే ఎట్లా కుదురుతుంది? నాయిన ఎవర్నీ పట్టివ్వలేదు. ఆ ఇంటాయన మనియార్డరు కట్టడానికి వస్తే మాత్రం, ముద్ర కొడుతూ 'నిన్న సినిమా బాగుందా?' అని అడిగేవాడట.

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. తెలుగు ఊళ్ళకు అది తెలుగులో చేరడానికి ఇంకో పదహారేళ్ళు పట్టింది. చేరినప్పుడు కూడా పట్నం మీదుగా రాలేదు, ఆకాశం నుంచి నేరుగా పల్లెల్లో దిగింది. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగం 1975 ఆగస్టు 1న మొదలై సరిగ్గా ఏడాది నడిచింది. అమెరికా నాసా సంస్థ తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనకు వాడుకోనిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు, వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో ఒక టీవీ, పక్కన కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప జాలీతో చేసిన పది అడుగుల గొడుగు. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారయ్యేవి. ఆ ఉపగ్రహంలో ఒక బొమ్మకు రెండు ధ్వనులు పంపే వీలుండేది. అందుకని తెలుగు పల్లె, కన్నడ పల్లె ఒకే బొమ్మ చూస్తూ ఎవరి మాట వాళ్ళు వినే ఏర్పాటు చేశారు. ఒకే ఎద్దు, ఒకే నాగలి, మాట మాత్రం రెండు రకాలు. పట్నం బాబులు ఇంకా రేడియో చెవి మెలితిప్పుతున్న రోజుల్లో పల్లె రైతు ఉపగ్రహం టీవీ చూశాడన్న సంగతి నాకెప్పుడూ భలే తృప్తినిస్తుంది. ఏడాది గడిచింది, ఉపగ్రహం తన దారిన తాను పోయింది.

పట్నం వంతు ఆ తర్వాత వచ్చింది. 1977 అక్టోబర్ 23న హైదరాబాదు దూరదర్శన్ ప్రసారాలను అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. స్టూడియో రామంతాపూర్‌లో. భువనగిరి నుంచి ఉప్పల్ మీదుగా పట్నం పోయే బస్సులో కూర్చుంటే, 'అగో, టీవీ అక్కడ్నుంచే వస్తది' అని ఎవరో ఒకరు చూపించేవాళ్ళు. మేం అందరం ఆ దిక్కు మెడలు సాచేవాళ్ళం, అక్కడేదో కిటికీలోంచి పాటలు బయటికొస్తుంటాయన్నట్టు.

పాటలు మా ఊరి దాకా వచ్చేవి గానీ, తిన్నగా వచ్చేవి కావు. మా ఊరికి త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కోట కట్టించిన ఏకశిల గుట్ట ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఆహా అంటారు. యాంటెన్నా బిగించేవాళ్ళు మాత్రం దాన్ని తిట్టుకునేవాళ్ళు. పట్నం నుంచి వచ్చే తరంగం ఒకటి నేరుగా యాంటెన్నాకు తగిలితే, ఇంకొకటి ఆ బండకు కొట్టుకుని క్షణంలో లక్షో వంతు కూడా లేని ఆలస్యంతో వచ్చేది. ఆ కాస్త ఆలస్యానికే తెరమీద ప్రతి మనిషి పక్కనా పలుచగా ఇంకో మనిషి నిలబడేవాడు. గుట్టకు దగ్గరి ఇళ్ళలో నాట్యం చేసే అమ్మాయి ఒక్కతే అయినా జంట నృత్యం కనబడేది. ఒకరు డాబా ఎక్కి గొట్టం తిప్పాలి, ఒకరు వాకిట్లో నిలబడాలి, ఒకరు టీవీ ముందు కూర్చుని 'వచ్చింది... పోయింది... అట్లనే ఉంచు!' అని అరవాలి. అరిచేవాళ్ళకూ తిప్పేవాళ్ళకూ మధ్య వాకిట్లో ఉన్న మనిషి ఆ కబురును ఎప్పుడూ కొంచెం మార్చి అందించేవాడు.

మా వాడలో మొదటి టీవీ ఒక టీచరు గారింట్లో వెలిసిన ఇ.సి. టీవీ. నలుపు తెలుపు బొమ్మ, చెక్క డబ్బా, ముందు అటూ ఇటూ జరిగే చెక్క తలుపులు, వాటికి తాళం. పేరులో ఇ.సి. అంటే ఈసీఐఎల్. 1967లో హైదరాబాదులో పుట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. అణుశక్తి విభాగం కోసం ఎలక్ట్రానిక్ యంత్రాలు చేస్తూనే ఇంటింటికీ టీవీలు కూడా చేసింది. దానికి తొలి సారథి అయ్యగారి సాంబశివరావు పేరుమీదే ఎ.ఎస్.రావు నగర్ వచ్చింది. ఇవాళ అక్కడ టిఫిన్ సెంటర్లో దోసె తినేవాళ్ళలో ఆ పేరుకూ తమ తాతల టీవీకీ ఉన్న చుట్టరికం ఎందరికి తెలుసో! అణు రియాక్టర్ల పనిముట్లు చేసిన చేతులే మా వాడకు సినిమా పాటలు చూపించాయి.

ఇంతకీ ఆ డబ్బా ఏ భాష మాట్లాడింది? సాయంత్రం కాసేపు తెలుగు: రైతుల కార్యక్రమం, పిల్లల కార్యక్రమం, నాటిక, శాస్త్రీయ సంగీతం. 1982 ఆగస్టు 15 నుంచి ఢిల్లీ జాతీయ కార్యక్రమం దేశమంతటికీ ఒకేసారి రావడం మొదలయ్యాక, రాత్రి భోజనాల వేళకు తెలుగు సద్దుమణిగేది. ఆపైన హిందీ వార్తలు, ఇంగ్లీషు వార్తలు, హిందీ సీరియలు. 1984 నుంచి యూజీసీ వాళ్ళ పాఠాలు ఇంగ్లీషులో వచ్చేవి. జీవకణం విభజన చెందుతున్న బొమ్మ ముందు మా నాయనమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. అర్థమవుతుందా అని అడిగితే, 'బొమ్మ మంచిగుంది, ఆయన చెప్పుడు ఆయన చెప్తుండు, నా పని నేను చేస్తున్న' అనేది. అటు సూళ్ళూరుపేట, తడ దిక్కున్న తెలుగువాళ్ళది ఇంకో వరస. వాళ్ళకు మద్రాసు టీవీ దగ్గర, శుక్రవారం రాత్రి అరవ పాటలు చూసి నిద్రపోయేవాళ్ళు.

హైదరాబాదు కేంద్రం మొదలైన ఆరేళ్ళకు గానీ తెలుగులో వార్తలు రాలేదు. 1983 నవంబర్ 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు టీవీ వార్తలు చదివారు. ఎదురుగా తెరమీద అక్షరాలు నడిచే యంత్రం అప్పట్లో లేదు. చేతిలో కాగితాలు, తల దించితే అక్షరం, ఎత్తితే మనం. తల ఎక్కువ దించకుండా ఉండడం కోసం ఆయన చాలా భాగం కంఠతా పట్టేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు, రాజకీయాల మీద ఒక్క మాట కలవని మా బంధువుల ఫోన్ గుంపులో ఆ ఒక్కరోజు అందరూ ఒకే మాట మీద ఉన్నారు.

ఆయన వార్తలు మొదటిసారి విన్న మా నాయనమ్మ, 'ఈయనది ఏ ఊరు?' అని అడిగింది. మనిషిని కాదు, మాటను అడిగింది. ఆమెకు మాట వింటే మనిషి ఊరు తెలిసేది. రెండు ముక్కలు మాట్లాడితే చాలు, ఇది ఆలేరు యాస, ఇది రామన్నపేట దిక్కు, ఈ కోడలు బెజవాడ నుంచి వచ్చింది అని చెప్పేసేది. ఈ మాటలో ఊరు దొరకలేదు. నాయిన ఆలోచించి, 'వార్తల ఊరే' అన్నాడు. నిజానికి అది రేడియో ఎప్పుడో వేసిన దారి. మద్రాసు, విజయవాడ, ఢిల్లీ స్టూడియోల్లో ఏళ్ళ తరబడి నునుపు తేలిన తెలుగు. అందులో ఎవరూ ఏమీ అనరు, 'పేర్కొంటారు'. ఎవరూ పోరు, 'బయలుదేరి వెళ్తారు'. నాయిన దీన్ని పట్టేసుకున్నాడు. అన్నం దగ్గర కూర్చుని, గొంతు సవరించుకుని, 'కూరలో ఉప్పు ఎక్కువైందని విశ్వసనీయ వర్గాలు పేర్కొన్నాయి' అనేవాడు. మా అమ్మ గరిటెతోనే ఖండన ప్రకటన ఇచ్చేది.

తెలుగుకు ఊరట శుక్రవారం చిత్రలహరి, వారానికో తెలుగు సినిమా. హాస్యం కావాలంటే 'ఆనందో బ్రహ్మ'. ధర్మవరపు సుబ్రహ్మణ్యం అందులోనే ఇంటింటికీ తెలిశారు. దాంట్లో మనుషులు మనుషుల్లాగే మాట్లాడుకునేవాళ్ళు, ఆపీసు గుమాస్తా ఆపీసు గుమాస్తాలాగే విసుక్కునేవాడు. మధ్యమధ్య ప్రసారం తెగితే 'అంతరాయానికి చింతిస్తున్నాము' అన్న అట్ట ముక్క కనబడేది. దూరదర్శన్ వాళ్ళు చదివించిన తెలుగు వాక్యాల్లో మా తరానికి బాగా గుర్తున్నది ఇదే. ఇప్పటికీ మా తమ్ముడు బాకీ తీర్చడం ఆలస్యమైతే ఇదే పంపుతాడు.

ఇక ఆదివారం సంగతి. 1987 జనవరి 25న రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది, మరుసటేడు జులై 31 దాకా నడిచింది. అప్పటికి మా ఇంట్లోనూ టీవీ వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకు వీధి ఖాళీ, వాకిలి నిండు. చెప్పులు గుట్టగా పడేవి, పోయేటప్పుడు ఎవరి చెప్పులు వాళ్ళకు దొరికితే అదో చిన్న పట్టాభిషేకం. ఇంట్లో అసలు సమస్య మా తాతకు వచ్చింది. ఆయన నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడు. రోజూ సియాసత్ పేపరు చదివేవాడు, దస్తూరీ కుడి నుంచి ఎడమకు చకచకా సాగేది. హిందీ సినిమా ఏదొచ్చినా ఇంటిల్లిపాదికీ ఆయనే అర్థం చెప్పేవాడు. టీవీ కొన్నప్పుడు కూడా, 'హిందీ నాకొస్తది, మీకేం భయం లేదు' అని భరోసా ఇచ్చాడు. రామాయణంలో ఆయనకు సగం మాటలు తగల్లేదు. పితాశ్రీ, ఆజ్ఞ, ప్రతిజ్ఞ, వచనం, వనవాసం. ఏడు జమాత్‌లు చదివిన ఆయన గడ్డం నిమురుకుంటూ కూర్చుంటే, బడి ముఖం చూడని మా నాయనమ్మ ఒక్క ముక్క పోనివ్వకుండా అర్థం చేసుకునేది. హరికథలూ పురాణాలూ విన్న చెవి కదా, ఆ సంస్కృతం మాటలన్నీ ఆమెకు పాత చుట్టాలే.

'గీళ్ళు ఏం మాట్లాడుతుండ్రే?' అని తాత మెల్లగా అడిగేవాడు.

'రాముడు తండ్రితోటి మాట్లాడుతుండు. నువ్వు మాట్లాడకు' అనేది నాయనమ్మ.

ఆ ఏడాదిన్నరా మా ఇంట్లో అనువాదకుల ఉద్యోగం చేతులు మారింది. 1988 అక్టోబర్ 2న బి.ఆర్. చోప్రా మహాభారతం మొదలైనప్పుడు తాత పరువు కొంచెం నిలబడింది. అందులో కౌరవులూ పాండవులూ పలికిన ఆ బరువైన సంస్కృత హిందీ మాటలన్నీ రాసింది రాహీ మాసూమ్ రజా, ఉర్దూ సాహిత్యంలో పండిన మనిషి. ఆ సంగతి పేపర్లో చదివిన రోజు తాత కుర్చీ టీవీకి ఒక జానెడు దగ్గరకు జరుపుకున్నాడు. 'చూసినవా, మావోడే రాసిండు' అన్నాడు. 'రాసినోనికి అర్థమైంది, నీకు కాలేదు' అంది నాయనమ్మ.

మా పిల్లలకు హిందీ నేర్పింది బడి కాదు, ప్రకటనలు. నిర్మా, హమారా బజాజ్, ఇంకెన్నో. పరీక్షలో హిందీకి అత్తెసరు మార్కులు తెచ్చుకున్నవాళ్ళు కూడా సబ్బుల పాటలు తప్పు లేకుండా పాడేవాళ్ళు. తర్వాత్తర్వాత అవే ప్రకటనలు తెలుగులో రావడం మొదలైంది. పెదవులు హిందీలో, గొంతు తెలుగులో. 'మీ ఇంటి పరిశుభ్రతకు మా హామీ' అని ఎవరో అమ్మాయి అనేది. ఏ ఇల్లాలైనా పక్కింటి ఇల్లాలితో అట్లా అంటే రెండు రోజులు మాటలుండవు.

1995 నాకు బాగా గుర్తు. ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టు 27న ఈటీవీ. డాబా మీద కడ్డీల గొట్టం అట్లాగే ఉంది గానీ, దాని నడుముకు చుట్టుకుని నల్లటి కేబుల్ తీగ ఇంట్లోకి దిగింది. నెలనెలా డబ్బులకొచ్చే కేబుల్ అబ్బాయి చుట్టాల కంటే దగ్గరయ్యాడు. అతనికి సొంత చానలు కూడా ఉండేది. రాత్రి కొత్త సినిమా, కింద ఊళ్ళో చీరల దుకాణం, పక్కవాడలో పిల్లాడి పుట్టినరోజు శుభాకాంక్షలు. పేరులో ఒత్తులు తప్పుపడితే ఆ పిల్లాడి తండ్రి స్వయంగా వెళ్ళి గొడవపెట్టి దిద్దించేవాడు. ఒత్తుల కోసం అంత పట్టుపట్టిన తండ్రులను నేను బళ్ళో కూడా చూడలేదు.

ఇక రోజంతా తెలుగే. పొద్దున భక్తి, మధ్యాహ్నం వంట, సాయంత్రం సీరియలు. మంజులా నాయుడు 'ఋతురాగాలు' దూరదర్శన్‌లో వచ్చినప్పుడు మా అమ్మ చపాతీ పిండి పళ్ళెం టీవీ ముందుకే తెచ్చుకునేది. తర్వాత ఆమెవే 'చక్రవాకం', 'మొగలిరేకులు' జెమినిలో వచ్చేనాటికి ఇంటి గడియారం సీరియళ్ళ మీదే నడిచేది. 'చక్రవాకం అయిపోయాక రండి' అంటే అది టైమే. సరిగ్గా ఆ వేళకు కరెంటు తీసేస్తే విద్యుత్ శాఖకు పడిన శాపనార్థాల్లో ఉన్నంత వాకిటి తెలుగు ఏ చానల్లోనూ దొరికేది కాదు. ఈటీవీలో 1996 నుంచి 'పాడుతా తీయగా'. బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లల తల నిమిరినంత మెత్తగా శ, ష, స సరిచేస్తుంటే నాయిన కుర్చీలో కూర్చుని తనూ పలికి చూసుకునేవాడు.

అయినా ఇదంతా ఒక తెలుగే. కృష్ణా గుంటూరు పలుకుబడికి ఇస్త్రీ చేసింది. మా భాష కూడా తెరమీదికి వచ్చేది, కానీ ఎవరి నోట? ఇల్లు తుడిచే మనిషి నోట, కత్తి తిప్పే రౌడీ నోట, నవ్వించాల్సిన జవాను నోట. హీరో ఆ మాట మాట్లాడడు, న్యాయమూర్తి మాట్లాడడు, వార్తలు చదివే మనిషి అసలే మాట్లాడడు. ఇది మాకు చాలాకాలం విడ్డూరంగా కూడా తోచలేదు. టీవీ భాష టీవీది, మన భాష మనది, స్కూలు యూనిఫాం విప్పినట్టు ఇంటికొచ్చి మార్చుకోవాలి అనుకున్నాం.

2012లో వీ6 చానలు వచ్చింది, వెంట తీన్మార్ వార్తలు వచ్చాయి. ముచ్చట చెప్పే తీరు, 'గిట్ల', 'గట్ల', 'లొల్లి', సామెత మీద సామెత. బిత్తిరి సత్తి తెర మీదికొస్తే మా వాడలో పిల్లలు తినే కంచాలు పట్టుకుని టీవీల ముందు చేరేవాళ్ళు. అందరూ మురిసిపోయారనుకుంటే పొరపాటు. రిటైరై ఇంట్లో ఉన్న నాయిన మొదటి రోజు రిమోటు చేతిలో పట్టుకుని ఇబ్బందిగా కదిలాడు. 'ఇంట్ల మాట్లాడుకునేది వార్తల్ల మాట్లాడితే మర్యాద ఉంటదా?' అన్నాడు. జీవితమంతా 'పేర్కొన్నారు' అని వెక్కిరించిన మనిషి! ఆయన బాధ నాకు అర్థమైంది. ఎప్పుడూ పక్కన కూర్చోబెట్టిన మనిషిని ఉన్నట్టుండి పీట మీదికి రమ్మంటే సిగ్గేస్తుంది. వారం తిరిగేసరికి ఆయనే అమ్మను పిలిచి, 'ఇగో రా, తీన్మార్ వస్తుంది' అంటున్నాడు.

2014లో తెలంగాణ వచ్చాక హైదరాబాదు దూరదర్శన్ పేరు డీడీ యాదగిరి అయింది. సప్తగిరి అన్న పాత పేరు విజయవాడకు పోయింది. తిరుమల ఏడు కొండలు వాళ్ళకు, మా పక్కనున్న యాదగిరిగుట్ట మాకు. కేంద్రం మాత్రం అదే రామంతాపూర్‌లో ఉంది. మా కోట గుట్ట అన్నేళ్ళు బొమ్మను రెండుగా చీల్చి సతాయించినా, పక్క గుట్ట పేరు చానలుకు పెట్టడంతో లెక్క సరిపోయిందని మా ఊరి యాంటెన్నా మేస్త్రీ ఒకాయన అన్నాడు. ఆయన ఇప్పుడు డిష్‌లు బిగిస్తున్నాడు.

కొత్త చిక్కు ఈమధ్య వచ్చింది. ఇన్నాళ్ళూ టీవీ మాట్లాడేది, మేం వినేవాళ్ళం. ఇప్పుడు రిమోటులో మైకు పెట్టి మనల్నే మాట్లాడమంటున్నారు. మా అమ్మ దాన్ని నోటి దగ్గర పెట్టుకుని 'బతుకమ్మ పాటలు పెట్టు బిడ్డా' అంటే అది ఏదో బాతుల బొమ్మల వీడియో తీసింది. 'అట్ల గాదు' అంటే అట్లాస్ సైకిల్ చూపించింది. రెండు రోజులు కుస్తీ పట్టాక మా అమ్మకు కిటుకు దొరికింది. నడుము నిటారుగా పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఏడు గంటల వార్తల ఫక్కీలో 'బతుకమ్మ గీతాలను ప్రసారం చేయవలసిందిగా కోరుతున్నాము' అంటుంది. వెంటనే వస్తాయి. పాటలు మొదలవగానే రిమోటు పక్కన పడేసి, 'దీనికి గిట్ల చెప్తెనే సమజైతది' అని నాయినతో అంటుంది.